ఎలాండ్: ఎద్దంత ఒళ్లు, ఆగని తిరుగుడు

ఆఫ్రికా గడ్డి మైదానాల్లో ఎలాండ్‌ని దూరం నుంచి చూస్తే ఎవరో మేతకు వదిలిన ఎద్దనుకుంటారు. మెడ కింద గంగడోలు వేలాడుతుంటుంది. భుజాల మీద చిన్న మూపురం, తోక చివర నల్లటి కుచ్చు, తొందర లేని నడక. ముదిరిన మగ ఎలాండ్ 600 కిలోలు దాటడం మామూలే, 900 కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. భుజం దగ్గర ఎత్తు ఐదడుగుల పైనే. ఆడవి 300 నుంచి 600 కిలోల దాకా తూగుతాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికాల్లో కనిపించే సాధారణ ఎలాండ్ ఇది. సెనెగల్ నుంచి దక్షిణ సూడాన్ దాకా అక్కడక్కడా మిగిలిన జెయింట్ ఎలాండ్ దీనికి దగ్గరి చుట్టం. ఈ రెండింటినీ మించిన యాంటిలోప్ (రాలని కొమ్ములున్న, జింకను పోలిన జంతువు) ప్రపంచంలో ఇంకోటి లేదు.

ఎద్దు పోలిక వల్లే మనుషులు వందేళ్లకు పైగా దీన్ని పశువుగా మార్చాలని చూస్తున్నారు. మాంసం బాగుంటుంది, పాలు చిక్కగా ఉంటాయి, నీళ్లు తక్కువున్నా బతుకుతుంది, మనిషికి త్వరగా మచ్చికవుతుంది. ఇన్ని ఉన్నా ఎలాండ్ పాడిపశువు కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే దాని నడవడిని చూడాలి. ఎద్దు పోలిక ఒంటి దగ్గరే ఆగిపోతుంది. ఎలాండ్ ఒకచోట నిలిచి మేసే జంతువు కాదు, తిరిగి తిరిగి బతికే జంతువు.

పోలికకు కారణం మాత్రం నిజమైన చుట్టరికమే. ఆవులు, గేదెలు ఉన్న బోవినే ఉపకుటుంబంలోనే ఎలాండ్ కూడా ఉంది. మన అడవుల్లో, చేల గట్ల మీద కనిపించే మనుబోతు (నీల్గాయ్) కూడా అందులోదే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకది వేరే శాఖ. కాబట్టి ఎలాండ్‌కి కృష్ణజింక కంటే గేదే దగ్గర. దుప్పి కొమ్ముల్లా దీని కొమ్ములు ఏటా రాలిపోవు. లోపలి ఎముక మీద గట్టి తొడుగుగా పెరిగి జీవితాంతం ఉంటాయి.

ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. మగవాటివి లావుగా, మొదట్లో బిగువైన మెలితో, పొట్టిగా ఉంటాయి. ఆడవాటివి సన్నగా ఉన్నా తరచు మగవాటికన్నా పొడవుగా ఉంటాయి. ఈ తేడాకి అర్థం ఉంది. మగవి కొమ్ములు కలిపి, మెలేసి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ పనికి లావే కావాలి. ఆడవాటికి దూడ మీదకొచ్చిన జంతువుని పొడిచి తరమడమే పని. దానికి పొడవైన సన్న కొమ్ము చాలు. కొమ్ములతో ఇంకో పని కూడా ఉంది. మూతికి అందని కొమ్మని రెండు కొమ్ముల మధ్యకు పట్టి మెలేసి విరిచేస్తాయి, తర్వాత ఆకు తింటాయి. చిన్నప్పుడు ఒళ్లు లేత గోధుమరంగులో ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ మగవాటి వెంట్రుకలు పలచబడి, లోపలి నల్లటి చర్మం బయటపడి, ఒళ్లంతా నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. ఉత్తరాన ఉండేవాటికి ఒంటి మీద నిలువుగా తెల్లచారలు స్పష్టంగా ఉంటాయి. దక్షిణాన పెద్దవాటిలో అవి దాదాపు మాసిపోతాయి.

ముదిరిన మగ ఎలాండ్ నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. కొన్ని వందల మీటర్ల దూరానికి కూడా వినిపించే చప్పుడది. గిట్టల చప్పుడు కాదు. ముందుకాలి మోకాలి దగ్గర స్నాయువు (కండని ఎముకకు కట్టే తాడులాంటి భాగం) ఎముక మీద నుంచి జారినప్పుడు పుడుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఇంత బరువున్న జంతువు నడిచిన ప్రతి అడుగుకీ తన ఉనికి చాటుకోవడం మొదట వింతగానే అనిపిస్తుంది. సింహాలున్న చోట చప్పుడు చేస్తూ తిరగడం వల్ల ఏం లాభం?

జాకబ్ బ్రో-యోర్గెన్సన్, టోర్బెన్ డాబెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు కెన్యాలో మగ ఎలాండ్లను గమనించి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. చప్పుడు శ్రుతిని ఒంటి పరిమాణంతో పోల్చి చూస్తే, ఒళ్లు పెద్దదైన కొద్దీ చప్పుడు మంద్రంగా, దిగువ శ్రుతిలో వస్తోందని తేలింది. తంబూరాలో లావు తీగ మంద్రంగా పలికినట్టే, లావు, పొడవు ఎక్కువున్న స్నాయువు మంద్రమైన చప్పుడే చేస్తుంది. దీన్ని అబద్ధంగా చెయ్యడం చిన్న మగదానికి కుదరదు. అంటే ఆ టిక్కు టిక్కు నా ఒళ్లు ఇంత అని ఎదుటి మగవాటికి చెప్పే కబురన్నమాట.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చింది మరో విషయం. మగ ఎలాండ్ చెప్పే కబురు ఒక్కటి కాదు, మూడు. చప్పుడు ఒంటి పరిమాణం చెబుతుంది. గంగడోలు ఎంత పెద్దదో దాన్ని బట్టి వయసు తెలుస్తుంది. ముఖం మీద రంగు ఎంత నల్లగా ఉంది, నుదుటి మీది వెంట్రుకల కుచ్చు ఎంత ఒత్తుగా ఉంది అన్నదాన్ని బట్టి మగ హార్మోన్ల స్థాయి, అంటే దాని కోపం తెలుస్తుంది. పోట్లాటలో ఈ మూడూ వేరువేరు లెక్కలు. ఒళ్లు పెద్దదైతే బలం ఎక్కువ. వయసు మళ్లితే పోగొట్టుకోవడానికి ముందున్న కాలం తక్కువ కాబట్టి తెగింపు ఎక్కువ. హార్మోన్లు పొంగుతుంటే వెనక్కి తగ్గడం తక్కువ. ఎదురుపడిన రెండు మగవి వీటన్నిటినీ చూసి, విని, చాలాసార్లు పోట్లాట లేకుండానే తేల్చుకుంటాయి. నుదుటి కుచ్చుని మూత్రంతో తడిసిన మట్టిలో రుద్దుకోవడం కూడా ముదురు మగవాటికి అలవాటు, కాబట్టి వాసన కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఆరేడు వందల కిలోల జంతువులు రెండు నిజంగా ఢీకొంటే ప్రాణాలు పోతాయి. పోట్లాట ఖరీదు ఎంత పెరిగితే, దాన్ని తప్పించే కబుర్లు అంత వివరంగా ఉండాలి.

మగవాటికి తమ హద్దని కాపలా కాసే నేల ఏమీ ఉండదు. ఎవరు పైన, ఎవరు కింద అన్నది మాత్రం ఉంటుంది. ఆడది ఎదకొస్తే పెద్ద మగది దాని మూత్రం వాసన చూసి, పై పెదవి పైకి మడిచి, మెడ చాచి నిలబడుతుంది. ఎద సంగతి తెలుసుకునే ఈ తీరు పల్లెల్లో ఆంబోతుని చూసినవాళ్లకి కొత్త కాదు. ముదిరిన మగవి దట్టమైన పొదల దగ్గర, చిన్న నేల మీద, ఒంటరిగానో రెండు మూడుగానో బతుకుతాయి. వాటి తిరుగుడు కొన్ని పదుల చదరపు కిలోమీటర్లు. ఆడ మందలు దూడలతో కొన్ని వందల చదరపు కిలోమీటర్లు తిరుగుతాయి. ఒకే జాతిలో ఆడవి, మగవి నేలని ఇంత వేరుగా వాడుకోవడం గమనించదగ్గది. ఒళ్లు బరువెక్కిన మగదానికి దూరాలు తిరగడం కష్టం. మందే తన పొదల మీదుగా వెళ్లేదాకా ఆగడం దానికి మేలు.

ఎలాండ్ మందకి స్థిరమైన సభ్యత్వం లేదు. ఈ రోజు ఇరవై ఉంటే, వాన పడి గడ్డి మొలిచాక నాలుగు వందలు కావచ్చు, వారంలో మళ్లీ చీలిపోవచ్చు. ఈ మందలను కలిపి ఉంచేది దూడలు. చూడి తొమ్మిది నెలలు. ఒక ఈతకి ఒకే దూడ, పుట్టినప్పుడు 25 నుంచి 35 కిలోలు. మొదటి రెండు వారాలు తల్లి దాన్ని గడ్డిలో దాచి, వచ్చి పాలిచ్చి పోతుంది. తర్వాత దూడ మిగతా దూడల గుంపులో కలుస్తుంది. అక్కడి నుంచి దానికి తల్లికన్నా తోటి దూడలతోనే పొత్తు ఎక్కువ. ఒకదాన్నొకటి నాకుతూ, ఆనుకుని పడుకుంటూ ఉంటాయి. తల్లులు పాలకి పిలిచి మళ్లీ మేతకి వెళతాయి. దూడలున్న చోటికి మరిన్ని దూడలు చేరతాయి, వాటి వెంట తల్లులు చేరతాయి. అలా మంద పెరుగుతుంది. హైనాలో చీతాలో దగ్గరికొస్తే ఒక్క తల్లి కాదు, నలుగురైదుగురు తల్లులు కలిసి ఎదురు తిరుగుతాయి. పారిపోవడమే ఆయుధంగా బతికే గజెల్లు (చిన్న యాంటిలోపులు) ఈ పని చెయ్యలేవు. ఇక్కడ పెద్ద ఒళ్లు అక్కరకొస్తుంది.

పరుగులో అదే పెద్ద ఒళ్లు అడ్డం. ఎలాండ్ గంటకి 40 కిలోమీటర్ల వేగం దాటి ఎక్కువ సేపు పరిగెత్తలేదు, త్వరగా అలసిపోతుంది. కానీ గంటకి 20 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో చిన్న పరుగున మైళ్లకు మైళ్లు పోగలదు. ఇంకా ఆశ్చర్యపెట్టేది అది దూకే ఎత్తు. బెదిరితే నిలుచున్న చోటి నుంచే ఎనిమిదడుగుల ఎత్తు ఎగురుతుంది. పరుగెత్తే మందలో ఒకదాని మీదుగా ఒకటి దూకడం చూసినవాళ్లు రాశారు. పరుగులో వెనకబడతానని తెలిసినట్టు ఎలాండ్ ముందే జాగ్రత్త పడుతుంది. సఫారీ జీపు వస్తే జీబ్రాలు పక్కన నిలబడి మేస్తుంటాయి, ఎలాండ్లు మాత్రం దూరం నుంచే కదిలిపోతాయి. సింహం, హైనా, అడవికుక్కల గుంపు దాని ముఖ్య శత్రువులు. వేట ఎక్కువ జరిగిన చోట మనిషి కూడా.

ఎలాండ్ ప్రధానంగా ఆకు తినే జంతువు. వానాకాలంలో పచ్చిగడ్డి మేస్తుంది, ఎండాకాలం రాగానే చెట్లు, పొదల మీదికి మళ్లుతుంది. తుమ్మజాతి చెట్ల ఆకుల్లో సగానికి పైగా నీరే ఉంటుంది కాబట్టి మడుగు దొరక్కపోయినా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. అందుకే కలహారి ఇసుక నేలల్లోనూ ఉంది, కిలిమంజారో మీద 4,000 మీటర్లు దాటిన చలి నేలల్లోనూ కనిపించింది. ఇంత విస్తారమైన నేలలో బతికే పెద్ద జంతువులు తక్కువ.

నీటి పొదుపు గురించి 1960ల్లో కెన్యాలో సి. రిచర్డ్ టేలర్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఎలాండ్‌నీ, విదేశీ జాతి ఎద్దునీ పక్కపక్కన పెట్టి వేడిలో ఉంచి చూశాడు. నీళ్లు తగ్గించినప్పుడు ఎలాండ్ పగలు వెంటనే చెమట పట్టకుండా ఒంటి వేడిని పెరగనిస్తోందని, ఆ పెరుగుదల ఏడు డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదని తేలింది. రాత్రి చల్లబడ్డాక ఆ వేడి ఊరికే గాలిలోకి పోతుంది. 500 కిలోల జంతువుకి ఏడు డిగ్రీల వేడిని చెమటతో పోగొట్టాలంటే సుమారు ఐదు లీటర్ల నీరు కావాలి. అంత నీరూ మిగిలినట్టే. పెద్ద ఒళ్లు ఇక్కడ వేడిని దాచుకునే గిడ్డంగిగా పని చేస్తుంది, చిన్న జంతువు ఇంత వేడి దాచలేదు.

పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆగకూడదు. 1990ల చివర్లో దక్షిణ ఆఫ్రికా శాస్త్రవేత్తలు స్వేచ్ఛగా తిరిగే ఎలాండ్ల ఒంట్లో ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు అమర్చి చూస్తే అంత పెద్ద హెచ్చుతగ్గులు కనిపించలేదు. ప్రయోగశాలలో నీడ వెతుక్కునే వీలు, రాత్రి మేసే వీలు జంతువుకి లేవు. బయట అవి ఉన్నాయి. కాబట్టి ఏడు డిగ్రీలనేది ఎలాండ్ ఒంటికి ఉన్న ఆఖరి దారి. రోజూ చేసే పని మాత్రం మధ్యాహ్నం చెట్టు నీడన నిలబడటం, చల్లబడ్డాక మేయడం, నీరున్న ఆకు దొరికే చోటికి నడిచిపోవడం. నడవడితో కుదిరినంత కాలం ఒంటిని కష్టపెట్టదు.

ఎలాండ్‌ని మనుషులు ఎంత లోతుగా గమనించారో చెప్పాలంటే దక్షిణ ఆఫ్రికాలో వేటాడి బతికిన శాన్ ప్రజల దగ్గరికి వెళ్లాలి. డ్రాకెన్స్‌బర్గ్ కొండల రాతి ఆశ్రయాల్లో వాళ్లు వేసిన బొమ్మల్లో ఎక్కువగా, ఎంతో శ్రద్ధగా కనిపించే జంతువు ఇదే. మెడ దగ్గర ఎర్రమట్టి రంగు నుంచి తెలుపులోకి మెల్లగా కరిగే ఛాయలు, వెనక్కి తిరిగిన తల, మడిచిన కాలు అన్నీ ఉంటాయి. కాంబర్గ్ దగ్గరి గేమ్ పాస్ ఆశ్రయంలో ఒక బొమ్మ ఉంది. విషబాణం తగిలి చనిపోతున్న ఎలాండ్ తల వాల్చి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వెనక కాళ్లు ఒకదాని మీదొకటి వేసి తూలుతోంది. వెనక ఒక మనిషి దాని తోక పట్టుకుని ఉన్నాడు. అతని కాళ్లు కూడా అలాగే ఒకదాని మీదొకటి ఉన్నాయి, పాదాల చోట గిట్టలున్నాయి. పూనకంలోకి వెళ్లే వైద్యుడు చనిపోయే ఎలాండ్ నుంచి శక్తి తీసుకుంటున్నాడని, పూనకం కూడా ఒక చావు లాంటిదేనని రాతిచిత్రాల పరిశోధకుడు డేవిడ్ లూయిస్-విలియమ్స్ దీన్ని వివరించారు. ఈ బొమ్మ సాయంతోనే మిగతా ఎన్నో రాతిచిత్రాల అర్థం విడివడింది.

ఆ ప్రజల కథల్లో కాగెన్ అనే దేవుడు ఒక చెప్పు నుంచి ఎలాండ్‌ని పుట్టించి, తేనె రాసి పెంచుతాడు. కుర్రాడు మొదటి ఎలాండ్‌ని వేటాడితే తంతు జరుపుతారు, అమ్మాయి ఈడేరితే ఎలాండ్ నాట్యం చేస్తారు. మగ ఎలాండ్ గుండె చుట్టూ ఆడదానికన్నా ఎక్కువ కొవ్వు ఉంటుందని కూడా వాళ్లు గుర్తించారు. మిగతా యాంటిలోపుల్లో ఇది తిరగబడి ఉంటుందని వాళ్లకి తెలుసు. దాన్ని కోసి, మోసి, వండి తిన్నవాళ్లకే తెలిసే సంగతి ఇది.

మచ్చిక ప్రయత్నాల్లో గట్టిది ఆఫ్రికాలో కాదు, ఉక్రెయిన్ స్టెప్పీలో (చెట్లు లేని గడ్డి మైదానంలో) జరిగింది. ఫ్రీడ్రిష్ ఫాల్జ్-ఫైన్ తన అస్కానియా-నోవా ఎస్టేటుకి 1892లో ఎలాండ్లను తెప్పించాడు. అవి అక్కడి చలికి తట్టుకుని ఈనాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాటిని పితకడం మొదలుపెట్టారు. వేసవిలో గుర్రం మీద కాపరి వెంట ఉండి స్టెప్పీలో మేపేవాడు, చలికాలంలో కొట్టాల్లో ఉంచేవారు. పాలలో కొవ్వు సుమారు 11 శాతం ఉంది. మన గేదె పాలలో ఏడు, ఆవు పాలలో నాలుగు శాతం అనుకుంటే తేడా తెలుస్తుంది. తల్లి గంటల తరబడి దూరంగా మేసి వచ్చే బతుకులో ఒక్కసారి ఇచ్చే పాలు చిక్కగా ఉండటం దూడకి అవసరమే. 2022లో ఆ ప్రాంతం రష్యా సైన్యం చేతిలోకి వెళ్లింది. చెక్ రిపబ్లిక్‌లోని లానీ దగ్గర ప్రాగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా ఎలాండ్లను పెంచి పరిశోధిస్తున్నారు.

ఎలాండ్‌ని పెంచి పితకొచ్చని ఈ ప్రయత్నాలు చూపించాయి కదా, మరి అది ఊరూరా ఎందుకు రాలేదు? ఎలాండ్ మచ్చికవడంలో చిక్కు లేదు. దాన్ని ఒకచోట ఉంచడంలోనే ఉంది. ఎనిమిదడుగుల కంచె లేనిదే నిలవదు. అంత కంచె వేసే స్తోమత ఆఫ్రికాలో చిన్న రైతుకి లేదు. ఆవు ఒక బీడులోనే ఏడాదంతా గడపగలదు, ఎలాండ్ మేత రుతువుతో పాటు మారుతుంది, చోటు మారితేనే దొరుకుతుంది. ఏ గుణాల కోసం మనం దాన్ని ఆశపడ్డామో, అంటే నీళ్లు తక్కువతో బతకడం, కరువులో నిలవడం, అవన్నీ దూరాలు తిరగడంతో వచ్చిన గుణాలు. తిరగడం ఆపితే ఆ గుణాలూ పోతాయి. దక్షిణ ఆఫ్రికా, నమీబియాల్లో పెద్ద ప్రైవేటు వేటభూముల్లోనే ఎలాండ్ లాభంగా నడుస్తోంది. అక్కడ దాన్ని పశువుగా కాక, అడవి జంతువుగానే వదిలేశారు.

తిరిగే జంతువుకి మనుషుల పశువులతో ఇంకో ముప్పు కూడా వచ్చింది. 1887లో ఎరిత్రియాకి దిగిన పశువులతో రిండర్‌పెస్ట్ అనే ముసర వ్యాధి ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఆ పశువులు ఇండియా నుంచి వెళ్లినవని చాలామంది రాశారు. 1896 నాటికి అది దక్షిణ ఆఫ్రికా చేరింది. ఆవులతో పాటు అడవి బర్రెలు, ఎలాండ్లు గుంపులు గుంపులుగా చచ్చాయి. చుట్టరికం ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చింది, ఆవుకి సోకింది ఎలాండ్‌కీ సోకింది. 2011లో ప్రపంచం నుంచి ఆ రోగం పూర్తిగా పోయిందని ప్రకటించారు.

సాధారణ ఎలాండ్ ఇప్పుడు అంతర్జాతీయ జాబితాలో ప్రమాదం లేని జాతుల్లోనే ఉంది. 1999 అంచనా ప్రకారం మొత్తం 1,36,000 దాకా ఉన్నాయి. అందులో దాదాపు సగం రక్షిత ప్రాంతాల్లో, సుమారు 30 శాతం ప్రైవేటు భూముల్లో ఉన్నాయి. జెయింట్ ఎలాండ్‌లో పడమటి ఉపజాతి గతి వేరు. సెనెగల్‌లోని నియోకోలో-కోబా పార్కులో 200 లోపే మిగిలాయి. 2000లో పట్టుకున్న కొద్దిపాటి జంతువుల్లో ఒక్క మగది, ఐదు ఆడవాటి నుంచే బందియా రిజర్వులోని మంద అంతా పెరిగింది. ఒకే రక్తం కలవకుండా ఏ మగదాన్ని ఏ మందలో ఉంచాలో అక్కడివాళ్లు వంశావళి పుస్తకం రాసి చూసుకుంటున్నారు.

సాధారణ ఎలాండ్ విషయంలోనూ తలల లెక్క ఒక్కటే చూసి ధీమా పడటం తప్పని నా అభిప్రాయం. బోట్స్వానాలో పశువుల రోగాలు ఆపడానికి 1950ల నుంచి వేసిన కంచెలు కలహారిలో అడవి జంతువుల దారులు కోసేశాయి. కుకే కంచె దగ్గర నీళ్ల కోసం వచ్చిన వైల్డ్‌బీస్టులు వేల సంఖ్యలో చచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. వానలు తప్పిన ఏడాది ఎక్కడో పడిన వానని వెతుక్కుంటూ పోయే ఎలాండ్‌కి కూడా అదే కంచె అడ్డం. 2000లో బోట్స్వానా, దక్షిణ ఆఫ్రికా కలిసి క్‌గలగాడి పార్కు ప్రారంభించాయి. నొస్సోబ్ నది ఎండిన బాట వెంట పోయే ఆ రెండు దేశాల సరిహద్దు మీద కంచె లేదు, ఎలాండ్ మందలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పడమట నమీబియా సరిహద్దు మీద మాత్రం కంచె ఇంకా ఉంది.